సాంచా పాతదా, కొత్తదా? చెవి లెక్క కూడా చూద్దాం



బతుకుదెరువుకు భివండి పోయినవాళ్ళు మన సరిహద్దు జిల్లాల్లో చాలా కుటుంబాల్లో వున్నారు. మన పెద్దవాళ్ళు ఆ ఊరిని భీమండి అంటారు. నేను పెరిగింది అక్కడే. మా ఇల్లు పద్మనగర్లో, మా బాపు పని గైబీ నగర్లో. ఆ సందుల్లో కింద సాంచాల షెడ్లు, పైన కాపురాలు. బడిలో నేను పిల్లలకు తెలుగు, మరాఠీ చెబుతాను. ఈ రోజు చెప్పబోయేది మాత్రం మా ఇంట్లో వచ్చిన ఒక ప్రశ్న గురించి.

మా బాపు ముప్పై ఏళ్ళు నాడె సాంచాల మధ్య నిలబడ్డాడు. నా కూతురు తెలుగు వాచకం తెచ్చి తాతకు చదివి వినిపిస్తే తల ఊపుతాడు. అంతా అయ్యాక "ఏమన్నవు బిడ్డా?" అంటాడు. మొదట్లో అది గొంతు పెంచి మళ్ళీ చదివేది. ఈమధ్య వాచకం తేవడమే మానేసింది.

మా తమ్ముడిదీ అదే పని. కొత్త రేపియర్ సాంచాలు పెట్టిన ఒక షెడ్డు వాళ్ళు రమ్మన్నారు. "అక్కా, అక్కడికి పోతే నాకు బాపు లెక్క కాదు గదా?" అని అడిగాడు. ఆ ప్రశ్ననే మనం ఇప్పుడు తూకం వేసి చూద్దాం.

పాత సాంచాలో పేక దారాన్ని నాడె మోసుకుపోతుంది. ఒక కర్ర దాన్ని కొట్టి విసురుతుంది. అవతలి పెట్టెలో అది గుద్దుకుని ఆగుతుంది. నిమిషానికి 120 సార్లు అనుకుందాం. ఆగకుండా నడిస్తే 12 గంటల పాళీలో 86,400 దెబ్బలు. అదీ ఒక్క సాంచాకు. మనిషి ఆరో ఎనిమిదో చూసుకుంటాడు, చుట్టూ ఇంకా డజన్లు నడుస్తుంటాయి. ఇలాంటి షెడ్లలో చప్పుడు 95 డెసిబెళ్ళు దాటడం మామూలే.

పాతదానికి లాభాలు లేకపోలేదు. ధర తక్కువ. విడిభాగాలు బజార్లో దొరుకుతాయి. చెడిపోతే వీధి చివరి జాబరు వచ్చి బాగుచేస్తాడు.

రేపియర్ సాంచాలో నాడె వుండదు. సన్నని చేయివంటి పట్టీ దారం కొసను పట్టుకుని అవతలికి చేరుస్తుంది. కాబట్టి ఆ కొట్టుడూ గుద్దుడూ పోతాయి. ఇది నిజమైన మేలు. అయితే అది పాతదానికంటే రెండు మూడు రెట్ల వేగంతో నడుస్తుంది. పేకను సర్దే పన్నె దెబ్బ ఎలాగూ వుంటుంది. అందుచేత చప్పుడు తగ్గినా, 90 డెసిబెళ్ళ దరిదాపుల్లోనే నిలిచిపోవచ్చు.

ఇక్కడ గంటల లెక్క వస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన నమూనా నియమాలు 90 డెసిబెళ్ళ చప్పుడులో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలే వుండవచ్చని హద్దు పెట్టాయి. దాని ప్రకారం 95 డెసిబెళ్ళ పాత షెడ్డులో 12 గంటలు పనిచేస్తే హద్దుకు మూడు రెట్లు. 90 డెసిబెళ్ళ కొత్త షెడ్డులో 12 గంటలు చేసినా ఒకటిన్నర రెట్లు. అంటే యంత్రం మారినంత మాత్రాన చెవి గట్టెక్కదు, పాళీ కూడా తగ్గాలి.

మరొక విషయం. షెడ్డులో 24 పాత సాంచాలుంటే, సగం తీసేసి కొత్తవి పెట్టారనుకుందాం. ఆ కొత్త పన్నెండూ అసలు చప్పుడే చేయవనుకున్నా, మొత్తం మీద తగ్గేది 3 డెసిబెళ్ళే. మిగిలిన పాతవి ఆ లాభాన్ని మింగేస్తాయి. కాబట్టి "కొత్త మిషన్లు వచ్చాయి" అన్న మాట విని సంతోషపడితే చాలదు, పాతవి ఎన్ని మిగిలాయో కూడా అడగాలి.

2017లో మొదలైన పవర్‌టెక్స్ ఇండియా పథకం కింద, దారం తెగితే సాంచా తానే ఆగే ఏర్పాటు వంటివి బిగించుకోవడానికి ప్రభుత్వం సాయం చేసింది. గుడ్డ నాణ్యతకు అది మంచిదే. కానీ నాడె వున్నంతకాలం దెబ్బ దెబ్బే.

చెవి లోపల సన్నని వెంట్రుకలున్న కణాలుంటాయి. ఒకసారి చచ్చిపోతే అవి మళ్ళీ పుట్టవు. మొదట పోయేది సన్నని ధ్వనులు: పిల్లల గొంతు, "స", "త" వంటి అక్షరాలు. పెద్దవాళ్ళ మోటు గొంతు వినిపిస్తూనే వుంటుంది. అందుకే "నా చెవులకేమైంది, బాగానే వున్నాయి" అనుకుంటాం. పని దిగాక చెవుల్లో హోరు వినిపిస్తే అది మొదటి హెచ్చరిక.

కొత్తది కొనే స్తోమత లేనివాళ్ళు చేయదగిన పనులున్నాయి. అరిగిన తోలు ముక్కలు, వదులైన బోల్టులు ఎప్పటికప్పుడు మార్పించాలి. సాంచా కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు వేస్తే నేల అదురు తగ్గుతుంది, పై ఇంటివాళ్ళకూ నిద్ర పడుతుంది. చెవిలో దూది పెట్టుకుంటే లాభం చాలా తక్కువ. మెత్తని నురుగు బిరడాలను సన్నగా నలిపి లోపలికి పెట్టుకోవాలి. అన్నం తినేటప్పుడైనా షెడ్డు బయట కూర్చోవాలి. ఏడాదికొకసారి చెవి పరీక్ష చేయించుకోవాలి. చప్పుడు వల్ల వచ్చే చెవుడు వృత్తి వ్యాధేనని ఆ 1948 చట్టపు మూడో షెడ్యూలులోనే చేర్చారు. అది తలరాత కాదు.

మా తమ్ముడు కొత్త షెడ్డుకే వెళ్ళాడు. అక్కడ అన్నీ కొత్తవే, పాళీ మాత్రం 12 గంటలే. చెవుల్లో బిరడాలు పెట్టుకుంటున్నాడు. పాళీ తగ్గించమని తోటివాళ్ళతో కలిసి సేఠును అడుగుతున్నాడు. ఇంకా జవాబు రాలేదు.

భివండికో, షోలాపూరుకో, సిరిసిల్లకో మీ అబ్బాయిని పంపేటప్పుడు మీటరుకు కూలి ఎంతని తప్పక అడుగుతారు. దాంతోపాటు ఎన్ని సాంచాలు, ఎన్ని గంటలు, పాతవా కొత్తవా, చెవికి ఏమిస్తారు అని కూడా అడగండి. మీ ఇంట్లో ఈ ప్రసంగాన్ని ఎవరైనా రేడియో పక్కనే చెవి ఆనించి వింటుంటే, వారిని ఈ వారమే ఒకసారి డాక్టరుకు చూపించండి.