కంప్యూటర్ల కాపలా, ఇంటి కాపురం
(రేడియో ప్రసంగ పాఠం)



ఉద్యోగం చేసే ఇల్లాలు అనగానే మనకు పంతులమ్మో, నర్సమ్మో, బ్యాంకులో పనిచేసే అమ్మాయో గుర్తుకొస్తారు. వారి కష్టసుఖాలు మనం ఎన్నోసార్లు ముచ్చటించుకున్నవే. ఈసారి కొంచెం కొత్త ఉద్యోగం గురించి చెప్పుకుందాం. దాని పేరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. పేరుకు నోరు తిరగదంటారా? పని మాత్రం మీకు బాగా తెలిసిందే. ఎలాగంటే వినండి.

ఒక పెద్ద ఆసుపత్రిని తీసుకోండి. అక్కడి చీటీలు, బిల్లులు, పరీక్షల ఫలితాలు అన్నీ ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంటాయి. ఆ కంప్యూటర్లన్నిటికీ సమాచారం అందించే పెద్ద యంత్రం లోపలి గదిలో ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. అది ఆగిపోకుండా చూసుకోవడం, ఉన్న సమాచారానికి ఎప్పటికప్పుడు నకలు తీసి వేరేచోట భద్రపరచడం, ఎవరికి ఏ తాళంచెవి ఇవ్వాలో నిర్ణయించడం, దొంగదారిన ఎవరూ చొరబడకుండా కాపలా కాయడం, ఇదీ ఆ ఉద్యోగం. మరమ్మతులు మాత్రం పగలు చేయడానికి వీల్లేదు, అందరి పనీ ఆగిపోతుంది. కాబట్టి ఊరంతా నిద్రపోయాకనే చేయాలి.

ఇప్పుడు చెప్పండి, ఇది మనకు తెలియని పనా? అంతా సవ్యంగా నడిచినన్నాళ్ళు ఆమె ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఒక్కపూట ఆగిందా, అందరి కళ్ళూ ఆమె మీదే! అమెరికాలో టెడ్ కెకాటోస్ అనే ఆయన, తానూ అదే ఉద్యోగం చేస్తూ, 2000లో ఒక ఆచారం మొదలుపెట్టారు. ఏటా జూలై నెల చివరి శుక్రవారం నాడు ఈ ఉద్యోగులకు ధన్యవాదాలు చెప్పాలని. ఇల్లాలికి అలాంటి శుక్రవారం ఇంకా ఎవరూ పెట్టలేదు. మనకు శుక్రవారమంటే ఇల్లు కడుక్కునే రోజే!

“ఇది మగవాళ్ళ పని కదమ్మా” అనేవారికి ఒక్క మాట. 1945లో అమెరికాలోని ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటరుకు లెక్కలు చేసే క్రమం కూర్చిపెట్టడానికి ఎంపికైనవారు ఆరుగురు స్త్రీలు. కాబట్టి ఈ వాకిట్లోకి మనం కొత్తగా వచ్చినవాళ్ళం కాము.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ధర్మపురిలో కాపురం, కరీంనగర్‌లో ఉద్యోగం అనుకోండి. ఒకప్పుడు ఇలాంటి కొలువు కావాలంటే రెండువందల కిలోమీటర్లు దాటి హైదరాబాదు పోవాల్సిందే. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. కాలేజీలు, ఆసుపత్రులు, ఆఫీసులు ఎలాగూ ఉన్నాయి. ఉద్యోగం దగ్గరకు వచ్చిందనే అనుకోవాలి. కానీ ఆ ‘దగ్గర’ ఎంతో లెక్క వేద్దామా?

ధర్మపురి నుంచి జగిత్యాలకు దాదాపు ముప్పై కిలోమీటర్లు. అక్కడ బస్సు మారి, కొండగట్టు మీదుగా కరీంనగర్‌కు మరో యాభై. బస్టాండులో ఎదురుచూపు కలుపుకుంటే పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. నెలకు పాతిక రోజులైతే నూరు గంటలు. అంటే నాలుగు పగళ్ళూ నాలుగు రాత్రుళ్ళూ బస్సులోనే గడిచిపోయినట్టు! 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు ఖర్చు లేకుండా పోయింది. సంతోషమే. జీతంలో ఆ మేరకు మిగిలింది. డబ్బు మిగిలింది గానీ పొద్దు మిగలలేదు.

మరి ఇంటికి చేరిన తరువాత? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో ఒక లెక్క తేలింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97గా ఉండేవి. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. తేడా ఎక్కడిదక్కడే ఉంది! ఆఫీసు నుంచి వచ్చాక మొదలయ్యే ఈ పనినే అమెరికన్ రచయిత్రి ఆర్లీ హోక్‌షీల్డ్ 1989లో ‘రెండో షిఫ్టు’ అని పేరు పెట్టి పుస్తకం రాశారు. మన సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు అమ్మాయికి అర్ధరాత్రి ఫోను మోగితే అది మూడో షిఫ్టు!

అయితే ఓపిక పట్టడం తప్ప దారి లేదా? ఉంది. ఆ దారి ఆమె ఉద్యోగంలోనే ఉంది.

ఆ ఉద్యోగంలో మొదటి నియమం, ఏదీ ఒక్కరి బుర్రలోనే ఉండకూడదు. ఏ యంత్రం ఎక్కడుంది, ఆగితే ఏం చేయాలి, అన్నీ రాసిపెట్టాలి. మరి మన ఇళ్ళలో? గ్యాసు ఎప్పుడు బుక్ చేశామో, పాపకు టీకా ఎప్పుడో, మామగారి బీపీ గోలీలు ఎన్ని మిగిలాయో, పాలవాడికి ఎంత ఇవ్వాలో, అన్నీ ఇల్లాలి తలలోనే! అవి తీసి వంటింటి గోడమీది క్యాలెండర్లో రాయండి. పని పంచుకోవడానికి అది మొదటి మెట్టు.

రెండోది, ‘సాయం’ వేరు, ‘బాధ్యత’ వేరు. “కూరగాయలు ఏం తేవాలో చెప్పు, తెస్తా” అనే భర్త మంచివాడే. కానీ ఏముందో, ఏది అయిపోయిందో, రేపు ఏం వండాలో ఆలోచించే పని భార్యకే మిగిలింది గదా! సగం పనే చేతులు మారింది. కూరగాయలు ఆయనవైతే మొదటి నుంచి చివరిదాకా ఆయనవే. వంకాయ పుచ్చినా నోరు మూసుకోవడం మన వంతు. ఇది మనకూ కష్టమేనండీ!

మూడోది, వంతులు. ఆఫీసులో రాత్రిపిలుపు రోజూ ఒక్కరి మీదే పడకుండా వారానికొకరికి వంతు వేస్తారు. వేయకపోతే వేయమని అడగాలి. ప్రతి చిన్నదానికీ గంట మోగకూడదు. తెల్లారేదాకా ఆగగలిగేది ఏదో, ఆగలేనిది ఏదో పై అధికారితో ముందే తేల్చుకోవాలి. ఆమె వంతు ఉన్న వారంలో ఇంట్లో పొద్దుటి పని భర్తది. రాత్రి రెండింటికి లేచిన మనిషి ఐదింటికి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడితే, ఆరున్నరకు బస్సెక్కితే, ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి?

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. అవతల మగగొంతు. ఇవతల కోడలు వేరే గదిలోకి వెళ్ళి గంటసేపు మాట్లాడుతుంది. ఇలాంటిచోట సంసారాల్లో కలతలు రావడం మనం వినని విషయం కాదు. దీనికి మందు మౌనం కాదు. తన పని ఏమిటో, ఎవరితో పనిచేస్తుందో, ఏ వారం వంతో ఇంట్లో ముందే చెప్పాలి. భర్త కూడా, రాత్రి డ్యూటీకి పోయే మగవాణ్ణి ఎవరూ ప్రశ్నలు అడగరన్నది గుర్తుపెట్టుకోవాలి. చెప్పడం ఆమె మర్యాద, నమ్మడం ఆయన మర్యాద.

ఇప్పుడు అత్తగారి మాట. “ఏం నౌకరి బిడ్డా ఇది? పొద్దుగాల పోతివి, పొద్దుమూకినంక వస్తివి. పోరగాడు నిన్ను చూడకనే పండుకుంటున్నడు” అంటుందా తల్లి. దెప్పుడు అనుకోకండి. అందులో నిజముంది. కోడలు బస్సెక్కాక పిల్లవాడికి అన్నం పెట్టేది, బడికి పంపేది ఆమే. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. తీరా చూస్తే ఒక ఆడదాని మీది బరువు ఇంకొక ఆడదాని మీదికి మారింది. అంతే! కోడలి నౌకరి అత్త మోకాళ్ళ మీద నడవకూడదు. ఆ సర్వర్ల గదిలో కూడా ఆపద వేళకని ఉంచిన రెండో యంత్రం మీద రోజూ మొత్తం బరువు వేయరు. కోడలి జీతంలో నుంచి పనిమనిషికి ఇచ్చేది దండుగ అనుకోవద్దు. ఆదివారం అత్తగారికి సెలవు. ఆ సెలవు కొడుకు ఇవ్వాలి సుమా, కోడలొక్కతే కాదు!

ధర్మపురిలాంటి క్షేత్రంలో కాపురమంటే ఇంకొకటి ఉంది. చుట్టాలు! ఫాల్గుణంలో నరసింహస్వామి ఉత్సవాలు, పన్నెండేళ్ళకొకసారి గోదావరి పుష్కరాలు. 2015లో గోదావరి ఒడ్డున ఎంత జనమో చూసినవాళ్ళకు తెలుసు. 2027లో మళ్ళీ పుష్కరాలు. గోదావరి స్నానానికి వచ్చినవాళ్ళు ఇంటికి రాకుండా పోతారా? పన్నెండు రోజులూ సెలవు దొరకదు. ఏ రెండు రోజులు తాను ఇంట్లో ఉండేదీ, ఎవరు వండేదీ, నెల ముందే చెప్పుకుంటే మనసులు నొచ్చుకోవు.

కొన్ని హక్కులు కూడా తెలిసి ఉండాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. యాభైమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో పిల్లల సంరక్షణ గది ఏర్పాటు ఉండాలని కూడా అదే సవరణ చెప్పింది. స్త్రీలను రాత్రిపూట పనిలో పెట్టాలంటే వారి సమ్మతి, భద్రత ఉండాలని 2020 నాటి కార్మిక నియమావళి అంటోంది. అది 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అడగనిదే అమ్మయినా పెట్టదు గదా!

చివరికి పెద్ద ప్రశ్న. ఇల్లు మారాలా, ఉద్యోగం మానాలా? సర్వరు పనిలో చాలాభాగం ఇంటినుంచే చేయవచ్చని 2020 లాక్‌డౌను రుజువు చేసింది. వారానికి రెండు రోజులు ఇంటినుంచి చేయనిస్తే నెలకు ముప్పై గంటలకు పైగా ప్రయాణం తగ్గుతుంది. అయితే ఆ రోజుల్లో తలుపు వేసుకుని కూర్చున్న కోడలు ఖాళీగా ఉన్నట్టు కాదు. ఇది ఇంటిల్లిపాదికీ తెలియాలి. అదీ కుదరకపోతే జగిత్యాలకు ఇల్లు మార్చడం ఒక దారి. “వేరు కాపురం పెట్టారు” అని లోకం అంటుంది. అననివ్వండి. అత్తమామలను వెంట తీసుకుపోవచ్చు, లేదా ఆదివారం మనమే రావచ్చు. ఆరు నెలలు చూసి నిర్ణయించుకోవచ్చు.

ఉద్యోగం మానడమంటారా, అది తప్పు కాదు. కానీ ఈ విద్య పాలలాంటిది, నిలవుంటే విరుగుతుంది. రెండు మూడేళ్ళు దూరమైతే తిరిగి చేరడం కష్టం. అందుకని నిద్రలేని రాత్రి మరునాడు, ఏడుపు ముఖంతో రాజీనామా రాయకండి. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, భర్తతో కూర్చుని, ఎవరు ఏది వదులుకుంటున్నారో కాగితం మీద రెండు వరుసల్లో రాసి చూడండి. ఒక వరుస నిండి, రెండోది ఖాళీగా ఉంటే, మారాల్సింది ఉద్యోగం కాదని మీకే తెలుస్తుంది.