గాయం మానింది సరే... బొచ్చు ఎప్పుడొస్తుంది? చిన్న కుక్కలున్న ఇళ్ల కోసం

ఈ రోజు టాపిక్ చాలా చిన్నది. ఎంత చిన్నదంటే రూపాయి బిళ్లంత. మీ ఇంట్లో పామ్ గానీ, షిట్జు గానీ, లాసా గానీ ఉంది. గేటు గీసుకుందో, ట్రిమ్మర్ తగిలిందో, చిన్న గాయమైంది. పది పదిహేను రోజుల్లో మానిపోయింది కూడా. కానీ అక్కడ బొచ్చు లేదు. నున్నగా, బోడిగా ఒక మచ్చ. చూసిన ప్రతిసారీ మనకి ఏదో ఒకటి రాయాలనిపిస్తుంది.

ఈ ఎపిసోడ్ ఆ "ఏదో ఒకటి" గురించే. ఎందుకంటే ఆ మచ్చ వల్ల కుక్కకి పెద్దగా వచ్చే నష్టం లేదు. మనం రాసేదాని వల్ల మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

ముందే చెప్తున్నా, నేను పశువుల డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇలా కెమెరా ముందు కూర్చున్నాను. కాకపోతే ఇది మా ఇంట్లో జరిగింది. అందుకే డాక్టర్ గారిని అడిగి, కూర్చుని చదివి, అర్థం చేసుకున్నది మీకు చెప్తున్నాను.

మొదట అసలు బొచ్చు ఎలా వస్తుందో చూద్దాం. ప్రతి వెంట్రుకకీ చర్మం లోపల ఒక కుదురు ఉంటుంది. కుక్కల్లో ఒకే రంధ్రం నుంచి చాలా వెంట్రుకలు వస్తాయి. పొడవుగా, గట్టిగా ఉండే పై వెంట్రుక ఒకటి, దాని చుట్టూ దూదిలాంటి సన్న వెంట్రుకలు కొన్ని. పైపైన గీసుకుపోతే పోయేది చర్మం పై పొర మాత్రమే. కుదురు లోపల భద్రంగా ఉంటుంది. కుక్క చర్మంలో ఆ పై పొర పూర్తిగా కొత్తది కావడానికి సుమారు 3 వారాలు పడుతుంది. అంటే గాయం మానడం ఒక పని, బొచ్చు రావడం ఇంకో పని. మొదటిది పూర్తయ్యాకే రెండోది కంటికి కనిపిస్తుంది.

ఇక్కడే జాతిని బట్టి తేడా ఉంది. షిట్జు, పూడుల్ లాంటి వాటికి జుట్టు మనకి లాగే ఎప్పుడూ పెరుగుతూ ఉంటుంది. అందుకే వాటికి నెల నెలా కటింగ్ చేయించాలి. ఆ కుక్కల్లో బోడి మచ్చ త్వరగానే కప్పుకుపోతుంది. పామ్, స్పిట్జ్ లాంటి వాటిలో అలా కాదు. వాటి కుదుళ్లలో ఎక్కువ భాగం విశ్రాంతి దశలో ఉంటాయి. పెరుగుదల ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ కుదుళ్లే నిర్ణయించుకుంటాయి. పగ్ లాంటి పొట్టి బొచ్చు కుక్కకి మూడు నాలుగు నెలలు చాలు. దట్టమైన బొచ్చున్న పామ్‌కి మునుపటిలా రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. మా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, లోపల పని నడుస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం 0% అని కనిపిస్తుంది. రిఫ్రెష్ ఎన్నిసార్లు కొట్టినా సర్వర్ స్పీడు పెరగదు కదా, ఇదీ అంతే.

ఆ 0% కనిపించే రోజుల్లోనే మన చేతులు ఊరుకోవు. మా ఇంట్లో అదే అయింది.

మా అమ్మానాన్న కరీంనగర్‌లో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. మా పామ్ పేరు చిట్టి, వాళ్ల దగ్గరే ఉంటుంది. బరువు 4 కిలోలు కూడా ఉండదు. ఇనుప గేటు సందులోంచి దూరబోయి వెనక తొడ మీద గీసుకుంది. గాయం మానింది. మూడు వారాలయ్యాక అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, నువ్వు నెత్తికి పెట్టుకునే మందు సీసా ఇంట్ల ఒకటున్నది గదా. నీకు ఎంట్రుకలు మంచిగనే వచ్చినయ్. చిట్టికి గదే రెండు చుక్కలు పెట్టమంటవా?"

అవును ఫ్రెండ్స్, ఇరవైల్లోనే జుట్టు పల్చబడిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆ సీసాలో ఉన్నది మినాక్సిడిల్. అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు, లాజిక్ కరెక్టే. కొడుక్కి పనిచేసింది, కుక్కకి ఎందుకు పనిచేయదు? సమస్య ఏంటంటే, మినాక్సిడిల్ మొదట బీపీ తగ్గించడానికి వచ్చిన మందు. జుట్టు పెరగడం దాని సైడ్ ఎఫెక్ట్‌గా బయటపడింది. మనం తల మీద రాసుకుంటే రక్తంలోకి వెళ్లేది కొంచెమే. కుక్క నాకేస్తే నేరుగా కడుపులోకే వెళ్తుంది. బీపీ పడిపోతుంది, గుండె దడదడా కొట్టుకుంటుంది, ఊపిరి కష్టమవుతుంది. 60 కిలోల మనిషి కోసం తయారైన మందు 4 కిలోల ప్రాణి నాలుక మీద పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. పిల్లులకైతే ఇది ఇంకా ప్రమాదం, కొంచెం తగిలినా చనిపోయిన సందర్భాలున్నాయి. మీరు మినాక్సిడిల్ వాడుతుంటే, అది ఆరకముందు కుక్కని మీ తల నాకనివ్వకండి, మీ దిండు మీద పడుకోనివ్వకండి. పొరపాటున నాకితే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

"అమ్మా, ఆ సీసా బీరువాల వెట్టి తాళం వెయ్యి" అన్నాను. రెండు రోజులు గడిచాయి. ఈసారి నాన్న మెడికల్ షాపు నుంచి ఒక ట్యూబ్ తెచ్చాడు. దురదకీ, పుండుకీ, తామరకీ అన్నిటికీ ఇదే అని ఇచ్చారట. "డాడీ, డబ్బా మీద చిన్న అక్షరాలు ఫొటో తీసి పంపు" అన్నాను. చూస్తే అందులో క్లోబెటాసోల్ ఉంది. అది చాలా గట్టి స్టెరాయిడ్. స్టెరాయిడ్ క్రీమ్ చర్మాన్ని పల్చబరుస్తుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది, రాస్తూ పోతే అక్కడ వెంట్రుకలు రావడం కూడా తగ్గుతుంది. అంటే మనం కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు. పైగా కుక్క చర్మం పై పొర మనదానికన్నా పల్చన. మీ ఇంట్లో ట్యూబ్ ఉంటే పేరు చూడండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఇలాంటివి కనిపిస్తే డాక్టర్ చెప్పకుండా కుక్కకి రాయొద్దు.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తా. టీ ట్రీ ఆయిల్ కుక్కలకి విషం, "నేచురల్" అని రాసి ఉన్నా సరే. పసిపిల్లలకి వాడే జింక్ ఆక్సైడ్ క్రీమ్ నాకితే ప్రమాదం. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా వస్తున్న చర్మాన్ని కాల్చేస్తాయి. పసుపు విషం కాదు గానీ, వంటింటి పసుపు శుభ్రమైన మందు కాదు. పైగా అంతా పచ్చగా అయిపోతే కింద ఎర్రబడిందో, చీము పట్టిందో కనిపించదు. కొబ్బరి నూనె? పచ్చి గాయం మీద వద్దు, దుమ్మంతా అంటుకుంటుంది. పూర్తిగా మానాక చర్మం పొడిబారితే ఒక చుక్క రాయొచ్చు. దానివల్ల చర్మం మెత్తబడుతుంది, అంతే. బొచ్చు రాదు.

మరి ఏం చేయాలి? చేయాల్సినవి ఉన్నాయి, కాకపోతే ఏవీ గొప్పగా కనిపించవు.

ఒకటి, కడగడం. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ బాటిల్ దొరుకుతుంది. లేదంటే అర లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి, ఒక టీస్పూన్‌కి కాస్త తక్కువ ఉప్పు కలపండి. పచ్చి గాయాన్ని రోజుకి రెండుసార్లు దాంతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. పక్కు కట్టాక దాన్ని గిల్లొద్దు. అదే రాలిపోయేదాకా స్నానం ఆపండి. తర్వాత కూడా కుక్కల షాంపూనే వాడాలి.

రెండు, నాకనివ్వకపోవడం. నాకితే గాయం త్వరగా మానుతుందని అంటారు, అది నిజం కాదు. గరుకు నాలుక కొత్త చర్మాన్ని లేపేస్తుంది, తడికి క్రిములు చేరతాయి. మెడకి కోన్ వేయండి. కోన్ అంచు ముక్కు కన్నా కొంచెం ముందుకి ఉండాలి, లేదంటే అది మెడ వంచి నాకేస్తుంది. గాయం వీపు మీదో, పొట్ట మీదో ఉంటే చంటిపిల్లల టీషర్ట్ కూడా పనికొస్తుంది.

మూడు, తిండి. వెంట్రుక అంటే దాదాపు అంతా ప్రొటీనే. మన ఇళ్లలో చాలా కుక్కలు పెరుగన్నం, పాలన్నం మీదే బతుకుతున్నాయి. అది కడుపు నింపుతుంది, బొచ్చుకి సరిపోదు. మంచి డాగ్ ఫుడ్ పెట్టండి. ఇంటి తిండే అయితే ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు కలపండి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. చిన్న కుక్కకి సగం గుడ్డు చాలు. పచ్చి తెల్లసొన వద్దు, అది బయోటిన్‌ని ఒంటికి పట్టనివ్వదు. మనుషుల హెయిర్ గమ్మీలు అసలే వద్దు. కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కలకి అది విషం.

నాలుగు, ఎండ. బొచ్చు లేని చర్మం కమిలిపోతుంది. మన ఎండల గురించి మీకు చెప్పక్కర్లేదు. వాకింగ్ పొద్దున్నే, లేదా సాయంత్రం చీకటి పడుతుండగా.

ఐదు, ఫొటో. ఇది నా ఇంజనీర్ బుద్ధి. ప్రతి ఆదివారం, అదే చోట, అదే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒక్క ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. నాలుగు ఫొటోలు వరసగా పెట్టి చూస్తే తెలుస్తుంది. అమ్మకి ఈ పని అప్పజెప్పాక "ఏం రాయమంటవు" అని అడగడం మానేసింది. చేతికి ఒక పని దొరికింది కదా. చిట్టికి ఏడో వారం ఫొటోలో నల్లటి చుక్కల్లాంటివి కనిపించాయి. ఐదో నెలకి దూది బొచ్చు వచ్చింది. పొడవాటి పై వెంట్రుకలు సమానం కావడానికి పది నెలలు పట్టింది. మొదట్లో రంగు కొంచెం తేడాగా రావచ్చు, చర్మం నల్లబడొచ్చు కూడా. రెండూ భయపడాల్సినవి కావు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఆగడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. ఈ కింది వాటిలో ఏది ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చీము, వాసన, వాపు. మచ్చ తగ్గకుండా పెద్దదవుతుండటం. గుండ్రంగా, పొట్టు రాలుతూ ఉంటే అది తామర కావచ్చు. అది ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది. గాయం లేని చోట కూడా, ముఖ్యంగా రెండు వైపులా ఒకేలా బొచ్చు రాలుతుంటే సమస్య చర్మంలో కాదు, థైరాయిడ్ లాంటి హార్మోన్లలో ఉండొచ్చు. పామ్‌లలో అలోపీషియా ఎక్స్ అని ఒకటుంది. విచిత్రం ఏంటంటే, ఒళ్లంతా బోడి అయిన ఆ కుక్కల్లో గాయమైన చోట, లేదా పరీక్షకి చర్మం ముక్క తీసిన చోట మాత్రం బొచ్చు మొలుస్తుంది! కాబట్టి ఒక మచ్చ చూసి మనమే జబ్బు పేరు పెట్టేయకూడదు.

అన్నిటికన్నా అర్జెంటు, ఆ గాయం ఇంకో కుక్క పన్ను వల్ల అయితే. బొచ్చులో పంటి గాటు చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల లోతుగా ఉంటుంది. వెంటనే గ్లౌజులు వేసుకుని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడగండి. టీకాలు వేయించిన కుక్క అయినా సరే, రేబిస్ బూస్టర్ కోసం అదే రోజు తీసుకెళ్లండి. మిమ్మల్ని కూడా కరిచినా, గీరినా మీరూ ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు బొచ్చు సంగతి తర్వాత.

ఇంకో నిజం కూడా చెప్పాలి. లోతైన గాయం, కాలిన గాయం అయితే కుదుళ్లే పోతాయి. అక్కడ చర్మం మెరుస్తూ, రంధ్రాలు లేకుండా నున్నగా ఉంటుంది. అలాంటి చోట బొచ్చు రాకపోవచ్చు. రాకపోతే ఏమైంది? దానికి అద్దం అక్కర్లేదు. మన ఒళ్లో చోటు, టైముకి అన్నం, సాయంత్రం వాకింగ్, అవి ఉంటే చాలు.

చివరిగా ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. చేతిలోకి ఏ సీసా తీసుకున్నా, ఏ ట్యూబ్ తీసుకున్నా మూత తీసే ముందు అడగండి: "ఇది నాకితే ఏమవుతుంది?" కుక్క ఒంటి మీద రాసింది ఏదైనా, దానికి తాగించినట్టే లెక్క. జవాబు తెలియకపోతే మూత పెట్టేయండి.

కుక్కలున్న మీ ఫ్రెండ్స్‌కి, ముఖ్యంగా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో, ఎండాకాలం పామ్‌కి గుండు కొట్టించొచ్చా లేదా మాట్లాడుకుందాం.