కాలికి చిన్న గీత, నొప్పి మాత్రం భరించలేనంత

2024లో "మాంసం తినే బ్యాక్టీరియా, జపాన్‌లో 48 గంటల్లో చావు" అని వాట్సాప్‌లో తెగ తిరిగింది, గుర్తుందా? వార్త ఉత్తదేం కాదు. ఆ ఏడాది జూన్ మొదటికే అక్కడ 977 కేసులు. అంతకుముందు ఏడాది మొత్తం కలిపినా 941. అయితే ఆ బ్యాక్టీరియా జపాన్‌కి మాత్రమే సొంతం కాదు. పేరు గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్. మన పిల్లలకి గొంతు నొప్పి, చర్మం మీద పుండ్లు తెప్పించేదే ఇది కూడా.

అది రక్తంలోకో, కండల మీద పొరలోకో, ఊపిరితిత్తుల్లోకో దూరితే ఇన్వేసివ్ స్ట్రెప్ అంటారు. అరుదే. కానీ మన దగ్గర దానికి దారి ఎలా దొరుకుతుందో చూడండి. దివిసీమలో రొయ్యల చెరువులు, గుడివాడ వైపు వరి చేలు, చేపల చెరువులు. చెప్పుల్లేని కాళ్లు, నీళ్లలో నాని వేళ్ల సందుల్లో ఒరిసిపోయిన చర్మం. పైగా షుగర్.

బోదకాలు సంగతి కూడా చెప్పాలి. ఆ కాలు ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్ళ కడుతుంది. అమావాస్యకీ పున్నమికీ వస్తుందని మా అమ్మమ్మ అనేది. చంద్రుడికేం సంబంధం లేదండీ. వాపు తెచ్చింది దోమ మోసుకొచ్చిన పురుగు, ఈ జ్వరం తెచ్చేది ఎక్కువగా స్ట్రెప్ లాంటి బ్యాక్టీరియా. రోజూ సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం. హాస్పిటల్లో డాక్టర్లు ముందు వెతికేది పుండు సైజు కాదు, నొప్పి. పైకి చిన్న ఎరుపు, లోపల మాత్రం మనిషి అరిచేంత నొప్పి. మా సాఫ్ట్‌వేర్ భాషలో స్క్రీన్ మీద చిన్న వార్నింగే, వెనకాల సర్వర్ కాలిపోతోంది. తర్వాత గంటల్లోనే ఎరుపు పాకుతుంది, ఊదా రంగుకి తిరుగుతుంది, నీటి బొబ్బలొస్తాయి. అప్పుడు నొప్పి తగ్గి మొద్దుబారితే "నయమైంది" అనుకుంటారు. కాదు, అక్కడ నరాలు చచ్చిపోతున్నాయి. బీపీ పడిపోవడం, ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గడం మొదలైతే అది టాక్సిక్ షాక్. వైద్యం అందినా పదిమందిలో ముగ్గురు దాకా చనిపోతారు. వాంతులు, విరేచనాలతో మొదలైతే ఫుడ్ పాయిజన్ అనుకుని వదిలేసే ప్రమాదమూ ఉంది. కాన్పయిన కొత్తలో తల్లికి జ్వరం, పొత్తికడుపు నొప్పి వచ్చినా ఇదే అనుమానించాలి.

మరి ఊళ్లో మనమేం చేస్తాం? పసుపూ సున్నం పట్టేస్తాం, ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకుంటాం. నాకు భయం ఆ ఇంజెక్షన్ దగ్గరే. నొప్పి మాయమైతే గుర్తు కూడా మాయం. నాగాయలంక నుంచి బందరు పెద్దాసుపత్రికి రావాల్సిన మనిషి ఆ రాత్రి ఇంట్లోనే పడుకుంటాడు.

ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, టైమ్ రాసి, ఫోన్‌లో ఫొటో తీయండి. గీత దాటినా, జ్వరంతో పాటు నొప్పి మితిమీరినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి కొట్టండి. మందు లేని జబ్బు కాదిది. పెన్సిలిన్ ఇప్పటికీ పనిచేస్తుంది, విషం తయారవకుండా క్లిండామైసిన్ కలుపుతారు, కుళ్లిన పొరని మాత్రం ఆపరేషన్ చేసి తీసేయాల్సిందే. దెబ్బ ఉప్పునీళ్లలో తగిలిందా, మంచినీళ్లలోనా అన్నది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఉప్పునీళ్లలో విబ్రియో అనే ఇంకో బ్యాక్టీరియా అచ్చం ఇలాగే ముదురుతుంది, దాని మందులు వేరు.