పెద్దలకు అక్షరాలు నేర్పే తీరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. ఆడవాళ్లలో చూస్తే దాదాపు సగం మందికి చదువు రాదు. రాత్రి బడులు పెడితే జనం రాకపోలేదు. వస్తారు, పది పదిహేను రోజులకు మానేస్తారు. "వాళ్లకు శ్రద్ధ లేదు" అని మనం తేల్చేస్తాం. శ్రద్ధ లేకనా, మనం చెప్పే తీరు సరిగా లేకనా అని ఆలోచించాలని నా మనవి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఆసుబెల్ 1968లో ఒక ముఖ్యమైన మాట చెప్పాడు. నేర్చుకునే మనిషికి అప్పటికే ఏం తెలుసో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టాలని దాని సారాంశం. మన ఇళ్లలో చూడండి. తెలుగులో బస్సు బోర్డు చదవలేని అక్క చిన్నప్పుడు ఖాయిదా చదివి ఉంటుంది. 'బే' కింద జేర్ పెడితే 'బి', పైన పేష్ పెడితే 'బు' అని ఆమెకు తెలుసు. తెలుగులో గుడి, కొమ్ము చేసే పని అదే కదా! అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకె ఆమెకు కొత్త కాదు. కొత్తవి తెలుగు అక్షరాల రూపం, ఎడమ నుంచి కుడికి చదవడం. ఉర్దూలో లేని ళ, ణ లాంటి ధ్వనులను కొంచెం ఆగి చెప్పవచ్చు. "నీకు సగం వచ్చు ఆపా" అని మొదలుపెడితే ఆమె భయం పోతుంది.

రెండో సంగతి. బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మందికి నలభై గంటల పాఠాలతో చదువు నేర్పే ప్రయత్నం చేశాడు. అక్షరమాలతో కాక, వాళ్ల బతుకులోని మాటలతో మొదలుపెట్టాడు. మన దగ్గర ఆ మాటలకు కరువా? ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర నూలు ఉంది, ఆదోని పత్తి మార్కెట్‌లో కూలి ఉంది. 'నూలు', 'కూలి' అనే రెండు మాటలు బోర్డు మీద రాసి, కూలి ఎంత ఇస్తున్నారు, చీటీలో ఎంత రాస్తున్నారు అని ముందు మాట్లాడించండి. తర్వాత న, క, ల గుణింతాలు చెప్పండి. వాటితోనే కాలు, నాలుక, కానుక, నూకలు అనే మాటలు వాళ్లే కూర్చుకుంటారు. మొదటి వారంలోనే ఒక మాట సొంతంగా చదివినవాళ్లు రెండో వారం మానరు.

చదువు బతుకును తాకితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది.

మూడోది మరుపు. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మరిచిపోతామనీ, విరామాలిచ్చి మళ్లీ మళ్లీ చదివితే నిలుస్తుందనీ జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. కనుక వారానికి ఒకరోజు మూడు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ అరగంట మేలు. నిన్నటి మాటలు చదివించాకే కొత్తవి చెప్పాలి. సుగ్గికి గుంటూరు వైపు వలస పోయి వచ్చినవాళ్లను "అంతా మరిచిపోయావే" అని నలుగురిలో అనకూడదు. నాలుగు రోజులు పాతది తిరగేయిస్తే చాలావరకు తిరిగి వస్తుంది.

రష్యాకు చెందిన వైగోట్‌స్కీ చెప్పింది ఇంకొకటి. ఒంటరిగా చేయలేని పనిని మనిషి తనకంటే కాస్త ఎక్కువ తెలిసినవాళ్ల సాయంతో చేయగలడు, క్రమంగా తానే చేసుకుంటాడు. హైస్కూలు చదివే కూతురు పక్కన కూర్చుంటే తల్లికి అంతకంటే మంచి పంతులమ్మ ఎవరు?

చివరగా సంఘానికి మూడు విన్నపాలు. చదువు చెప్పేవాళ్లను బెత్తంతోనూ, "ఏయ్" అనే పిలుపుతోనూ కాక, "ఆపా", "ఖాలా" అని పిలిచి చెప్పమనండి. మగ్గం, మార్కెట్ పనివేళలు చూసి బడి వేళ పెట్టండి. వచ్చే ఏడు నివేదికలో ఎంతమంది పేర్లు రాయించుకున్నారో కాదు, ఎంతమంది కూలి చీటీ తామే చదువుకుంటున్నారో రాయండి. వేలిముద్ర వేసే చెయ్యి సంతకం చేసినప్పుడే మన శ్రమకు ఫలితం.

సెలవు. ఖుదా హాఫిజ్.