మా ఎండ తీసుకోండి, మా నీళ్లు ఉంచండి

(కర్నూలులో రైతులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సీమ గురించి మాట్లాడమంటే మనం ఎప్పుడూ లేనివాటి లెక్కే చెప్తాం. వాన లేదు, కాలువ లేదు, కొలువు లేదు. ఈరోజు ఉన్నదాని గురించి మాట్లాడతాను. మనకు ఎండ ఉంది. గుట్టల మీద గాలి ఉంది. వీటికోసం దేశంలోని పెద్ద పెద్ద కంపెనీలు మన బీళ్లలోకి వచ్చి కూర్చున్నాయి.

ఓర్వకల్లు, గడివేముల మండలాల మధ్య శకునాల, గని చూసినవాళ్లకు తెలుసు. దాదాపు 5,900 ఎకరాలు, 40 లక్షలకు పైగా సోలార్ పలకలు. 2017లో కరెంటు మొదలైనప్పుడు ఒకేచోట 1,000 మెగావాట్లంటే ప్రపంచంలోనే అరుదు. కడప జిల్లా మైలవరం మండలంలో ఇంకో 1,000 మెగావాట్ల పార్కు తలపెట్టారు. అనంతపురం వైపు ఎన్.పి.కుంట పార్కు గాలివీడు దాకా పాకింది.

ఎండ ఎక్కువుంటే కరెంటు ఎక్కువ అనుకుంటాం. పూర్తిగా నిజం కాదు. పలకకు వెలుతురు కావాలి, వేడి దానికి శత్రువు. ప్రయోగశాలలో పలకను 25 డిగ్రీల దగ్గర పెట్టి దాని శక్తి కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మన మే నెల ఎండలో పలక 60 డిగ్రీలకు కాగితే ఏడో వంతు అక్కడే పోయినట్టు. పైగా దుమ్ము. దాన్ని కడగాలంటే నీళ్లు కావాలి, అదీ తాగను నీళ్లు లేని ఊర్ల పక్కన! అయినా కంపెనీలు ఎందుకొచ్చాయి? ఏడాదిలో మబ్బు పట్టని రోజులు మనకు ఎక్కువ, నేల చవక. గని దగ్గర 2015 వేలంలో యూనిట్ 4.63 రూపాయలు పలికింది. 2017లో కడప పార్కు వేలంలో 3.15కు దిగింది. కరెంటు చవకైతే సంతోషమే. నేల కూడా చవకగా పోతోందే, అక్కడే నాకు పేచీ. దానికి తర్వాత వస్తాను.

పొద్దు గూకితే పలక పనిచేయదు. జనం లైట్లు, ఫ్యాన్లు వేసుకునేది అప్పుడే. ఆ సాయంత్రం కరువును ఇన్నాళ్లూ తీర్చినవాటిలో ముఖ్యమైనది జలవిద్యుత్తు. గేటెత్తితే నిమిషాల్లో కరెంటు. ఆ గేటు ఎవరి నీళ్ల మీద ఉంది? శ్రీశైలం మీద ఉంది!

శ్రీశైలం పుట్టిందే కరెంటు ప్రాజెక్టుగా. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు దగ్గరగా పల్లెలు మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి జనాన్ని లేపారు. కాలువలు తర్వాత వచ్చాయి, అవీ కొట్లాడితే వచ్చాయి. పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు సరిగా పారాలంటే 854 అడుగుల మట్టం ఉంచండని మనం మొత్తుకుంటూనే ఉన్నాం. 2021 జూన్, జూలైలలో మట్టం అంత ఎత్తుకు చేరకముందే ఎడమ గట్టున కరెంటు తీశారు. రెండు రాష్ట్రాలూ కేంద్రానికి ఉత్తరాలు రాసుకున్నాయి. పాలమూరు రైతు మీద నాకు కోపం లేదు, ఆయన పల్లెలూ మునిగినవే. కరెంటు కోసం నీళ్లు దిగువకు వదిలే పద్ధతి మీదే నా కోపం.

ఇప్పుడు పిన్నాపురం చూడండి. 2022 మేలో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. గోరుకల్లు జలాశయం నుంచి ఒక టీఎంసీ నీళ్లు ఒక్కసారి తెచ్చుకుంటారు. పగలు సోలార్ కరెంటుతో ఆ నీళ్లను పై చెరువుకు ఎక్కిస్తారు, సాయంత్రం కింది చెరువుకు దించి కరెంటు తీస్తారు. ఐదు యూనిట్లు ఖర్చు పెడితే నాలుగు తిరిగొస్తాయి, అంతే నష్టం. ఆవిరైనంత నింపుకుంటే చాలు, అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి.

దాని సామర్థ్యం 1,680 మెగావాట్లు. శ్రీశైలం ఎడమ గట్టు 900, కుడి గట్టు 770. రెండూ కలిపితే 1,670. అంటే మన గుట్టల మీద లేచిన ఒక్క ప్రాజెక్టు శ్రీశైలం రెండు గట్ల పనీ చేయగలదు! అలాంటప్పుడు మట్టం 854 కాకముందే కరెంటుకని నీళ్లెందుకు వదలాలి? ఈ ప్రశ్న అసెంబ్లీలో ఎవరైనా అడిగారా?

దీనికి జవాబుగా, పిన్నాపురం ప్రైవేటుది, ఆ కరెంటు అమ్ముడుపోయింది అంటారు. నిజమే. గుజరాత్‌లోని హజీరా ఉక్కు ఫ్యాక్టరీకి ఇక్కడి సోలార్, గాలి కరెంటును పిన్నాపురంలో నిల్వ చేసి పంపే ఏర్పాటు 2022లోనే ప్రకటించారు. అయితే గుట్టలిచ్చింది ప్రభుత్వం, నీళ్లిచ్చింది ప్రభుత్వం. ఇచ్చేటప్పుడు సాయంత్రం కరెంటులో మన వాటా ఇంత అని ఎందుకు రాయించుకోలేదు? గండికోట దగ్గర కూడా ఇదే పద్ధతిలో ఇంకో ప్రాజెక్టు తలపెట్టారు. అక్కడైనా ముందే రాయించుకోవాలి.

ఇక నేల మాట. పట్టా ఉన్నవానికి ఏదో ఒక రేటు ఉంటుంది. డీకేటీ పట్టా వానితో బేరం వేరు. కాగితం లేకుండా తాతల నాటి నుంచి దున్నుకునేవానికి, జీవాలు మేపుకునేవానికి లెక్కలో చోటే లేదు. సర్కారు దస్తరంలో బంజరు అని రాసిన చోటే మన మేకలు, గొర్రెలు బతికేది. డెన్మార్క్‌లో 2009లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. గాలిమర పెట్టే కంపెనీ ఐదో వంతు వాటాను చుట్టుపక్కల జనానికి అమ్మజూపాలి. తర్వాత దాన్ని మార్చి, దగ్గరి ఇళ్లకు ఏటా డబ్బు ఇచ్చే పద్ధతి తెచ్చారు. రామగిరి గుట్టల్లో గాలిమరలు తిరగబట్టి పాతికేళ్లు దాటింది. ఆ ఊర్లకు ఇంటింటికి ఏటా ఏమొచ్చింది?

కేంద్రం 2019లో కుసుమ్ పథకం తెచ్చింది. రైతు గానీ, రైతు సంఘం గానీ, పంచాయతీ గానీ సబ్‌స్టేషన్‌కు దగ్గరి బీడులో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా పెట్టుకుని డిస్కంకు అమ్ముకోవచ్చు. మహారాష్ట్ర 2017 నుంచే వ్యవసాయ ఫీడర్ల పక్కన సోలార్ పెట్టిస్తోంది. మనవాళ్లేం చేశారు? మన పంపుసెట్ల కోసమని 2021లో సెకీతో 7,000 మెగావాట్లకు, యూనిట్ 2.49కి ఒప్పందం రాసుకున్నారు. ఆ పలకలు కాగేది రాజస్థాన్ ఎండలో! మెగావాట్‌కు కోట్లు కావాలి, ఒక రైతు వల్ల కాదు, ఒప్పుకుంటాను. అందుకే సంఘం, బ్యాంకు, పూచీ పడే ప్రభుత్వం కావాలని అడుగుతున్నా.

రేపు మీ ఊరికి లీజు కాగితం పట్టుకుని మనిషి వస్తాడు. తెలుగులో రాసివ్వమనండి. ఎన్నేళ్లకు, ఎన్నేళ్లకోసారి ఎంత పెంచుతారు, కంపెనీ చేతులు మారితే బాకీ ఎవరిది, గడువు తీరాక పలకలు, సిమెంటు దిమ్మెలు ఎవరు తీసేస్తారు, అంతదాకా అడగండి. గ్రామసభలో పైకి చదివించి, వినకుండా వేలిముద్ర వేయకండి.