మెస్ గొడవలో మొదలైన పరిచర్య

(రాజపాళయంలో తెలుగు విద్యార్థులు, హాస్టల్ బాధ్యులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

తమిళనాడులో ఉన్నా ఈ ఊళ్లో తెలుగులో మాట్లాడటానికి సంకోచం అక్కర్లేదు. రాజపాళయం రాజుల ఇళ్లలో వందల ఏళ్లుగా తెలుగే మాట. చదువూ రాతా తమిళం, ఇంట్లో తెలుగు. 1949లో మద్రాసు ప్రభుత్వ పగ్గాలు చేపట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఇది అందరికీ తెలిసిన తెలుగు. ఈ ప్రాంతంలోనే ఇంకో తెలుగు ఉంది. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో హాస్టల్ సమాజాన్ని, అక్కడి సిబ్బందిని ఎలా నడిపించాలో మాట్లాడమన్నారు. నేను క్యాథలిక్కును కాను, పాస్టర్ని. ఫాదర్లు, సిస్టర్లు ఇక్కడ కూర్చున్నారు, వాళ్లకు నేను చెప్పేదేముంటుంది అనిపించింది. కానీ మన పిల్లలు ఎక్కడ చదువుతున్నారో చూడండి. మద్రాసు లయోలా 1925లో మొదలైంది, విజయవాడ ఆంధ్ర లయోలా 1954లో. తిరుచ్చి సెయింట్ జోసెఫ్స్, పాళయంకోట సెయింట్ జేవియర్స్, బెంగళూరు క్రైస్ట్ ఉన్నాయి. వీటిలో కొన్ని విశ్వవిద్యాలయాలు, కొన్ని కాలేజీలు. రాత్రి తొమ్మిదికి అటెండెన్స్ వేసే దగ్గర ఆ తేడా ఏమీ కనిపించదు. ఇంటికి దూరంగా వచ్చిన పిల్లలు, వాళ్లకు బాధ్యులుగా కొందరు, వాళ్లందరికీ వండి కడిగి ఊడ్చే ఇంకొందరు. హాస్టల్ అంటే ఈ ముగ్గురూ.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో నోటర్ డామ్ అనే క్యాథలిక్ విశ్వవిద్యాలయం ఉంది. హోలీ క్రాస్ సభ ఫాదర్లు 1842లో పెట్టారు. అక్కడ ఒక్కో హాస్టల్ భవనానికి ఒక రెక్టర్ ఉంటారు. ఫాదర్ కావచ్చు, సిస్టర్ కావచ్చు, మామూలు విశ్వాసి కావచ్చు. ఆ భవనంలోనే కాపురం. ఆయన కింద అసిస్టెంట్లు, అంతస్తుల్లో పిల్లల బాగోగులు చూడటానికి సీనియర్ విద్యార్థులు. ప్రతి భవనంలో చిన్న ప్రార్థనాలయం. నాకు నచ్చింది ఒకటే, నాయకుడు అక్కడే పడుకుంటాడు. మన దగ్గర చాలా చోట్ల వార్డెన్ పదవి ఒక లెక్చరర్‌కు అదనపు బాధ్యత. సాయంత్రం రిజిస్టర్ మీద సంతకం పెట్టి బండెక్కి ఇంటికి వెళ్తాడు. రాత్రికి నాలుగు వందల మంది పిల్లలకు దిక్కు ఒక వాచ్‌మన్.

అయితే భవనంలో ప్రార్థనాలయం ఉన్నంత మాత్రాన అది క్రైస్తవ సమాజం అయిపోదు. అది ఎక్కడ తేలుతుందో చూడాలంటే అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. మనం ఆ అధ్యాయాన్ని డీకన్ల నియామకం రోజున చదివి మూసేస్తాం. అసలు అక్కడ జరిగింది మెస్ గొడవ.

యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పెడుతున్నారు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదు. వడ్డించేవాళ్లు హెబ్రీ మాట్లాడేవాళ్లు అయ్యుండాలి. కావాలని చేశారని లూకా రాయలేదు. కావాలని చేయకుండానే ఇలాంటివి జరుగుతాయి. తన భాషవాళ్లు ముందు కంటబడతారు, గరిటె అటు తిరుగుతుంది, పరాయి భాష విధవరాలు వరుస చివర్లో నిలబడి ఉంటుంది. ఫిర్యాదు వచ్చింది. అప్పుడు అపొస్తలులు ఏం చేయలేదో చూడండి. "ఇన్ని ఆత్మలు రక్షణ పొందుతుంటే మీకు కూర గొడవా" అనలేదు. "సంఘంలో చీలిక తెస్తున్నారు" అని ఫిర్యాదు చేసినవాళ్ల మీద చర్య తీసుకోలేదు. సభ పిలిచారు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకోరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వైపు నుంచే మనుషులను తీసుకుని మొత్తం భోజనశాల వాళ్ల చేతికి ఇచ్చారని అందుకే చాలామంది పండితులు అంటారు. మెస్ కమిటీలో ఇద్దరికి చోటిచ్చి సరిపెట్టడం కాదు, తాళంచెవులే ఇచ్చేశారు.

తర్వాత అధ్యాయాల్లో స్తెఫను మొదటి హతసాక్షి అయ్యాడు. ఫిలిప్పు సమరయకు సువార్త తీసుకెళ్లాడు. ఇద్దరూ మెస్ ఇన్‌ఛార్జిలే! హాస్టల్ పనిని చిన్నచూపు చూసే ఫాదర్లకూ పాస్టర్లకూ ఈ మాట గుర్తు చేస్తూ ఉంటాను.

ఇక్కడికి దక్షిణాన తిరునల్వేలి వైపు చేరన్‌మహాదేవి అని ఊరుంది. 1920లలో వి.వి.ఎస్. అయ్యర్ అక్కడ ఒక గురుకులం నడిపారు. అయ్యర్ సామాన్యుడు కాడు. దేశం కోసం ప్రవాసంలో బతికిన విప్లవకారుడు, పండితుడు. గురుకులానికి కాంగ్రెస్ నిధులూ అందాయి. అక్కడ ఇద్దరు బ్రాహ్మణ పిల్లలకు విడిగా భోజనం పెడుతున్నారని బయటపడింది. ఇద్దరే కదా అన్నారు. ఆ ఇద్దరి విస్తళ్ల మీద 1924–25లో తమిళ కాంగ్రెస్ రెండుగా చీలినంత పని అయింది. గట్టిగా అడ్డం తిరిగినవాళ్లలో ఒకరు పి. వరదరాజులు నాయుడు, ఇంకొకరు పెరియార్. 1925 చివర్లో పెరియార్ కాంగ్రెస్‌ను వదిలి వెళ్లడానికి ఉన్న కారణాల్లో ఈ భోజనాల వరుస ఒకటి. ఒక హాస్టల్ మెస్‌లో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ఒక రాష్ట్రం రాజకీయాన్నే మార్చింది. కాబట్టి వెజ్ బ్లాక్, నాన్‌వెజ్ బ్లాక్ అని రెండు గదులు కట్టమని ఎవరైనా తల్లిదండ్రులు వచ్చి అడిగితే, అది రుచికి సంబంధించిన విషయమని తేలిగ్గా ఒప్పుకోవద్దు. వంటకాలు రెండు రకాలు ఉండనివ్వండి. బల్ల ఒక్కటే ఉండాలి.

ఇక గదులు. కులం హాస్టల్లోకి గేటు నుంచి రాదు, గదుల జాబితాలోంచి వస్తుంది. "ఊరి పిల్లలు కలిసి ఉంటామంటున్నారు సార్", "ఒకే స్కూల్ నుంచి వచ్చారు సార్" అంటారు. ఆ ఊరూ ఆ స్కూలూ దేనికి మారుపేర్లో బాధ్యులకు తెలుసు. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద తోటి స్కూలు పిల్లలే కొడవళ్లతో ఇంటికొచ్చి దాడి చేశారు. దాని మీద వేసిన జస్టిస్ కె. చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని చూపించే రంగుల మణికట్టు తాళ్లు వద్దంది, క్లాసులో అక్షరక్రమంలో కూర్చోబెట్టమంది. గదులకూ అదే పద్ధతి పెట్టండి. అక్షరక్రమమో చీటీలో, ఏదో ఒకటి పెట్టి సిఫారసుకు తలుపు మూయండి. మన ఆంధ్రా పిల్లలు కూడా వినాలి. తమిళుల మధ్య మనం మైనారిటీ అని బాధపడుతూనే, మనలో మనం ఇంటిపేరు అడిగి, ఏ జిల్లా అని అడిగి, సైగ అర్థమయ్యాక గది మార్చుకునేవాళ్లున్నారు.

అంబేద్కర్ గారు 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఉండటానికి గది దొరకలేదు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి పేరు మార్చుకుని పార్శీ సత్రంలో తలదాచుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఈ సంగతి చాలామందికి తెలుసు. మనం దాటేసే సంగతి ఇంకొకటుంది. అప్పుడు ఆయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. మా ఆవిడ రేపు వస్తుంది, ఆమెను అడగాలి అన్నాడు క్రైస్తవుడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాళ్లని, భార్య పాత ఆచారం వదల్లేదని అంబేద్కర్‌కు తర్వాత తెలిసింది. బాప్తిస్మం అయింది, గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. క్రీస్తు పుట్టినప్పుడు సత్రంలో చోటు లేదన్న సంగతిని ఏటా డిసెంబరులో నాటకం వేసే మనం, మన హాస్టల్ గదుల జాబితాను ఆ వెలుగులో ఎన్నిసార్లు చదివాం?

భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించింది. దేశంలోని కోటీ 90 లక్షల క్యాథలిక్కుల్లో కోటీ 20 లక్షల మంది దళితులేనని, సంఘంలో వివక్ష ఉందని అందులో ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. సంతోషం. ఆ విధానం హాస్టల్ ఆఫీసు దాకా దిగిందా లేదా అన్నది అక్కడి నోటీసు బోర్డు మీది జాబితా చెబుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన ఇంకో తెలుగు. ఈ జిల్లాల్లో, పశ్చిమ తమిళనాడులో అరుంధతియార్లు ఉన్నారు. చాలామంది ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. తోలు పని, పారిశుధ్య పని తరతరాలుగా వాళ్ల నెత్తిన వేసింది ఈ సమాజం. షెడ్యూల్డ్ కులాల కోటాలో వాళ్లకు 3 శాతం విడిగా ఇస్తూ తమిళనాడు 2009లో చట్టం చేసింది. మీ హాస్టల్లో పొద్దున్నే బాత్‌రూములు కడిగే అమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఉండొచ్చు. భాష రాని చోట తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొచ్చిందని పిల్లలు అంటారు. ఆ అమ్మతో తెలుగులో ఒక్కరైనా మాట్లాడారా? ఆమె పేరు తెలుసా?

సిబ్బందిని నడిపించడం అంటే ఎక్కువమంది డ్యూటీ చార్టు అనుకుంటారు. దానికంటే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. వీళ్లకు జీతం ఎవరిస్తున్నారు, సంస్థా, కాంట్రాక్టరా? పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా? తినేది మనతోనా, మనం తిన్నాకనా? సెప్టిక్ ట్యాంక్ నిండినప్పుడు దిగేది ఎవరు? ఈ చివరి ప్రశ్నకు చట్టమే జవాబు చెబుతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దించినవాడు కాంట్రాక్టరు కదా అని ఫాదర్ గారు తప్పించుకోలేరు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టి 2016లో మెగసెసె పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ ఒక్క పని మీదే పోరాడుతున్నారు. మన యూత్ మీటింగుల్లో విదేశీ మిషనరీల జీవిత చరిత్రలు చెప్పుకున్నట్టు ఆయన కథ చెప్పుకోం. ఎందుకో నాకు అర్థం కాదు.

ప్రార్థన గురించి ఒక్క మాట. క్యాథలిక్ విశ్వవిద్యాలయాల కోసం పోప్ రెండో జాన్ పాల్ 1990లో ఇచ్చిన పత్రంలోనే ప్రతి వ్యక్తి మనస్సాక్షి స్వేచ్ఛను పూర్తిగా గౌరవించాలని ఉంది. పూజకు హాజరు పట్టీ పెట్టే వార్డెన్లు అది చదవాలి. జరిమానాకు భయపడి మోకరించిన పిల్లవాడు దేవుడి దగ్గరికి రాడు, వార్డెన్‌కు దూరమవుతాడు.

చివరిగా శిక్షలు. హాస్టల్ బాధ్యుడి చేతిలో ఉన్న అన్నిటికంటే పెద్ద అధికారం, గది ఖాళీ చేయించడం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి పంపేశారు. వాళ్లు పరుపులు తెచ్చుకుని ఆరుబయట ఉన్నారు, ఆ చోటికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న వాళ్లలో రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. అది క్యాథలిక్ సంస్థ కాదు. కానీ గది ఖాళీ చేయమనే కాగితం ఏ సంస్థలోనైనా ఒకేలా ఉంటుంది. దాని మీద సంతకం పెట్టేముందు పిల్లవాడి మాట విన్నామా, ఇంటికి ఫోన్ చేశామా, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడో తెలుసా? ఈ మూడింటికీ జవాబు రాసి ఉంటేనే సంతకం పెట్టాలని మీ సంస్థలో నియమం పెట్టించండి. రాత్రిపూట మాత్రం ఎవరినీ పంపవద్దు, ఏ తప్పు చేసినా సరే.

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. పాఠాలు చెప్పేవాళ్లకే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఈ రెండో మాట ఎవరూ పట్టించుకోవడం లేదు. పిల్లవాడు రెండు రోజులుగా అన్నం తినలేదని ముందు చూసేది వడ్డించే అన్న. తలుపు తీయడం లేదని ముందు గమనించేది ఊడ్చే అమ్మ. వాళ్లు ఎవరికి చెప్పాలి? చెబితే ఎవరైనా వింటారా, "నీ పని నువ్వు చూసుకో" అంటారా?

టెలీ మానస్ నంబరు 14416 రాసుకోండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. దాన్ని గోడకు అంటించి ఊరుకోవద్దు. అర్ధరాత్రి ఒక పిల్లవాడు వచ్చి తలుపు కొడితే తెరిచేది ఎవరో, ఏ రోజు ఎవరి వంతో ఈ వారంలోనే రాసిపెట్టుకోండి. ఆ జాబితా ఒకటి గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఉండాలి, ఒకటి ఊడ్చే అమ్మ దగ్గర ఉండాలి. ఆమెకు తమిళం చదవడం రాకపోతే, చదివి వినిపించండి. తెలుగులో.