రక్తం చిమ్మకపోతే హాని లేనట్టేనా?



మాస్టారి పేరున జరిగే ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని అడగగానే ఒప్పుకున్నాను. ఇది నాకు దక్కిన పెద్ద గౌరవం. ఆయన చేసిన ఉద్యోగాలు, అందుకున్న పురస్కారాలు ఆహ్వానపత్రిక వెనకవైపు అచ్చువేశారు కనుక వాటిని మళ్లీ చదవను. నాకు గుర్తున్నవి ఆయన చేతులు. పురిటి ఎలుక ఉన్న పంజరం తెరిచే ముందు ఆయన చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారు. రెండు అరచేతులూ వేడెక్కేదాకా రుద్దుకునేవారు. పంజరంలోని ఊక గుప్పెడు తీసి చేతులకు పులుముకునేవారు. పిల్లల మీద పరాయి వాసన తగిలితే తల్లి వాటిని కొరికి చంపేస్తుందని ఆయన భయం. "చల్లటి చేత్తో పిల్లను ముట్టుకోకురా" అని మాకు చెప్పని రోజు లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి విస్టార్ ఎలుకలు వచ్చిన రోజున ఆయన మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికి వెళ్లేవారు కాదు. ఆయన గురించి ఇంతే చెబుతాను. మిగిలినది ఆయనతో నాకున్న పేచీ గురించి.

ఆ పేచీ ఒక్క వాక్యం మీద. "అపరిణత వృషణం కాడ్మియం దెబ్బను తట్టుకుంటుంది." ఈ వాక్యం పాఠ్యపుస్తకాల్లో ఉంది, సమీక్షా వ్యాసాల్లో ఉంది. మాస్టారి పాఠంలో ఉండేది. నా సిద్ధాంత గ్రంథంలోనూ ఉంది, నేనే రాశాను. అది సగం నిజమని, ఆ సగం నిజం మనల్ని తప్పుదారి పట్టించిందని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. ఈరోజు మీ ముందు కాస్త వివరంగా చెప్పే అవకాశం దొరికింది.

పసితనంలో లోహాలు బీజగ్రంథులకు చేసే హాని గురించి తక్కిన సంగతులు ఇక్కడ కూర్చున్నవారికి తెలిసినవే. తల్లికి సీసం తాగిస్తే ఆడ పిల్లల్లో యుక్తవయస్సు ఆలస్యమవుతుంది. ఫిషర్ జాతి ఎలుకల్లో డీస్ బృందం దీన్ని చూపింది, ఐజీఎఫ్-1 అనే పెరుగుదల కారకం తగ్గడంతో దాన్ని ముడిపెట్టింది. అదే బృందం మాంగనీసుతో యుక్తవయస్సు ముందుకు జరగడం కూడా చూసింది. గర్భంలో 8వ రోజు నుంచి 18వ రోజు దాకా తాగునీటిలో ఆర్సెనిక్ అందిన చిట్టెలుకల ఆడ పిల్లల్లో పెద్దయ్యాక అండాశయ కణుతులు వచ్చాయని వాక్స్ బృందం 2003లో ప్రకటించింది. ఆరు వేలెన్సీ గల క్రోమియం అండాశయంలోని బీజకణాల గూళ్లను వేళకు ముందే విడగొడుతుందని టెక్సస్‌లో బాను బృందం 2014లో రాసింది. వీటితో నాకు తగాదా లేదు. కాడ్మియం దగ్గరే ఆగుతాను.

కథ పాతది. కాడ్మియం ఇచ్చిన జంతువుల వృషణాలు నీలంగా కమిలిపోవడాన్ని ఆల్స్‌బర్గ్, ష్వార్జ్ 1919లోనే గమనించారు. కానీ లోకం దృష్టి పడింది 1956లో, ప్రాగ్ నుంచి పారిజెక్, జాహోర్ 'నేచర్'లో ఒక చిన్న వ్యాసం రాశాక. ఎలుక చర్మం కింద ఒక్కసారి కాడ్మియం ఉప్పు ఎక్కిస్తే రోజు గడిచేలోగా వృషణం నల్లగా ఉబ్బి, రక్తంతో నిండి, చచ్చిపోతుంది. మరుసటి ఏడాదే పారిజెక్ జింకు ఇస్తే ఈ నాశనం ఆగుతుందని చూపాడు. మయామీలో గన్, గూల్డ్, ఆండర్సన్ 1960లలో ఈ పనిని ముందుకు తీసుకెళ్లారు. దెబ్బ మొదట తగిలేది రక్తనాళాలకని, అన్ని జాతుల ఎలుకలూ దీనికి ఒకేలా లొంగవని వాళ్ల 1965 వ్యాసం చెబుతుంది. సెచెల్, వెయిట్స్ 1970లో కేశనాళికల గోడలు ఎలా సడలిపోతాయో కొలిచి చూపించారు.

1973లో జాక్సన్ ప్రయోగశాలలో టేలర్, హైనిగర్, మయర్ ఈ లొంగుబాటు వెనక ఒకే జన్యువు ఉందని, తట్టుకునే గుణం అంతర్గతమని తేల్చారు. దానికి సీడీఎం అని పేరు పెట్టారు. అది ఏ జన్యువో తెలియడానికి మరో ముప్పై రెండేళ్లు పట్టింది. 2005లో డాల్టన్, నెబర్ట్ బృందం అది జిప్8 అనే రవాణా ప్రోటీన్ జన్యువని కనుక్కుంది. లొంగే జాతుల్లో ఆ ప్రోటీన్ వృషణపు రక్తనాళాల లోపలి పొర కణాల మీద ఉంటుంది. తట్టుకునే జాతుల్లో అక్కడ కనిపించదు. లొంగే జాతి జన్యువును తట్టుకునే జాతిలో పెడితే అదీ లొంగిపోతుందని 2007లో తేలింది.

నా వాదానికి మూలం ఇదే. 1956 నుంచి మనం 'వృషణ నాశనం' అని పిలుస్తున్నది నిజానికి రక్తనాళ నాశనం. నాళం చిట్లితే గ్రంథికి ఊపిరాడదు, చచ్చిపోతుంది. అలాంటప్పుడు 'తట్టుకుంది' అంటే ఏమిటి? నాళం చిట్లలేదని మాత్రమే. లోపలి కణాల గురించి ఆ మాట ఏమీ చెప్పదు. పసికూన వృషణం నల్లబడకపోతే మనం బ్లేడు పక్కన పెట్టి 'సాధారణం' అని రాసేశాం. నేనూ రాశాను. పుట్టిన 2వ రోజు సూది వేసి, 4వ రోజు కోసి, తెల్లగా ముత్యంలా ఉన్న వృషణాన్ని బౌయిన్ ద్రావణంలో వేశాను. వేళ్లు పసుపుపచ్చగా మారాయి. పుస్తకంలో ఒక్క పదం రాశాను.

నా వాదానికి వచ్చిన జవాబులు మూడు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది మెటలోథయోనిన్. పుట్టిన పిల్లల కాలేయంలో ఈ ప్రోటీన్ పుష్కలంగా ఉంటుంది, కాడ్మియాన్ని పట్టి కట్టేస్తుంది, అందుకే పిల్లలకు హాని లేదని వాదన. గోరింగ్, క్లాసెన్ 1984 వ్యాసాన్ని ఎదురుపెడతారు. ఆ వ్యాసం నేను చాలాసార్లు చదివాను. అది కాలేయానికి హాని ఎందుకు తగ్గిందో చెబుతుంది. శీర్షికలోనే ఉంది, కాలేయం అని. కాలేయానికి కాపలా ఉన్నంతమాత్రాన వృషణానికి కాపలా ఉందని ఎలా రాస్తాం?

రెండోది మాయ. తల్లికి ఇచ్చిన కాడ్మియంలో ఎక్కువ భాగం మాయలోనే ఆగిపోతుంది, పిండానికి చేరేది తక్కువ. ఇది నిజం, ఒప్పుకుంటాను. కానీ మాయే దెబ్బతింటే? గర్భం చివరి రోజుల్లో కాడ్మియం మాయను నాశనం చేస్తుందని పారిజెక్ 1964లోనే చూపించాడు. పిండానికి నేరుగా కాడ్మియం ఎక్కిస్తే చావనిది, తల్లికి ఇస్తే చస్తుందని లెవిన్, మిల్లర్ చూపారు. అంటే పిండం చావుకు దారి మాయ గుండానే. లోహం చేరకపోయినా, చేరాల్సిన జింకు చేరదు. పిండపు బీజగ్రంథికి హాని జరగడానికి కాడ్మియం దాని గుమ్మం తొక్కనక్కర్లేదు. పుట్టాక పరిస్థితి ఇంకా వేరు. పాలు తాగే వయసులో పేగు లోహాలను పెద్దవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని జాగ్రెబ్‌లో కోస్టియల్ బృందం 1978లో లెక్కకట్టింది. తల్లిపాలలో వచ్చేది కొంచెమే కావచ్చు, ఆ కొంచెంలో లోపలికి వెళ్లే వాటా ఎక్కువ.

మూడోది సంతానోత్పత్తి. పిల్లలు పెద్దయ్యాయి, జతకట్టాయి, ఈనాయి, ఇంకేం కావాలి అంటారు. అన్నిటికన్నా ఎక్కువ వినిపించే జవాబు ఇదే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేదీ ఇదే. మగ ఎలుకకు వీర్యకణాల నిల్వ అవసరానికి మించి ఉంటుంది. అందులో చాలా భాగం పోయినా ఈతలో పిల్లల సంఖ్య తగ్గదు. మనిషికి అంత మిగులు లేదు. ఎలుక ఈనిందన్న ఒక్క సాక్ష్యంతో మనిషి బిడ్డ క్షేమంగా ఉన్నాడని చెప్పడం నాకు మనసొప్పదు.

చెయ్యాల్సిన పనేమిటో 1980లలో జోవాన్ ఆర్థ్ మనకు చూపించింది. వీర్యకణాలను పెంచి పోషించేవి సెర్టోలి కణాలు. ఎలుకలో ఇవి చీలి పెరిగేది పుట్టుకకు కాస్త ముందు జోరుగా, ఆపైన తగ్గుతూ, మూడు వారాల వయసుకు ఆగిపోతుంది. ఆ తర్వాత జీవితాంతం వాటి సంఖ్య అంతే. పుట్టిన పిల్లలకు కణవిభజనను ఆపే మందు ఇచ్చి ఆర్థ్ బృందం 1988లో చూపినదేమిటంటే, సెర్టోలి కణాలు దాదాపు సగానికి పడిపోతే, పెద్దయ్యాక తయారయ్యే వీర్యకణాలూ అదే నిష్పత్తిలో పడిపోతాయి. ఇది విత్తుల లెక్క కాదు, మళ్ల లెక్క. పదో పన్నెండో శాతం మళ్లు తగ్గితే వృషణం బరువులో ఏం కనిపిస్తుంది? ఈతకూ ఈతకూ మధ్య ఉండే తేడాలో కలిసిపోతుంది.

పసితనంలో ఈ కణాలకు అడ్డుగోడ కూడా ఉండదు. రక్తానికీ వృషణ నాళికకూ మధ్య గట్టి అవరోధం ఎలుకలో 16వ రోజు నుంచి 19వ రోజు మధ్య ఏర్పడుతుందని విటాలె, ఫాసెట్, డిమ్ 1973లో చెప్పారు. అంతవరకు నాళిక తెరిచిన పొలం. పెద్ద ఎలుకలో రక్తం చిమ్మించలేనంత చిన్న కాడ్మియం మోతాదుకే సెర్టోలి కణాల లోపలి సన్నని తంతువులు చెదిరిపోతాయని 1993లో వెల్ష్ ప్రయోగశాల చూపింది. నాళం చిట్లకుండానే కణం దెబ్బతింటుందని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పాలి? చిట్టెలుకల్లో టామ్, లియు 1985లో గర్భం తొలిదశలో కాడ్మియం ఇచ్చి చూస్తే పిండాల్లో ఆదిమ బీజకణాలే తగ్గాయి. అక్కడ రక్తస్రావం ఊసే లేదు.

రక్తస్రావం లేని హానికి ఆడ పిల్లల్లోనూ ఒక ఉదాహరణ ఉంది. జార్జ్‌టౌన్‌లో మార్టిన్ బృందం 2003లో 'నేచర్ మెడిసిన్'లో గర్భంలో కాడ్మియం అందిన ఆడ ఎలుకల్లో యుక్తవయస్సు ముందుగా వచ్చిందని, క్షీరగ్రంథి మారిందని రాసింది. ఆ ప్రయోగాల్లో లోహం కడుపులోకి సూదితో ఇచ్చారు. నోటి ద్వారా ఇస్తే పెద్ద ఎలుక గర్భాశయంలో ఆ ఈస్ట్రోజెన్ ప్రభావం రాలేదని 2009లో జర్మనీ బృందం ఒకటి రాసింది. నాకు అనుకూలమైనదే చెప్పి దీన్ని దాచడం న్యాయం కాదు. మనం తినేది అన్నంలో వచ్చే కాడ్మియం, సూది ద్వారా వచ్చేది కాదు. జపాన్‌లో జింజు నది నీళ్లు పారిన వరిపొలాల అన్నం తిని ఇటాయ్-ఇటాయ్ జబ్బు పడిన తల్లుల్ని తలచుకుంటే, నోటి దారి ప్రయోగాలే మనకు ఎక్కువ కావాలి. కానీ అందులోనూ గర్భాశయం బరువు ఒక్కటే కొలిచి ఆగితే నా పేచీ మళ్లీ మొదటికి వస్తుంది.

రసాయనాల పరీక్షలకు 2011లో వచ్చిన ఓఈసీడీ 443వ మార్గదర్శకం పిల్లల అండాశయంలో ఆదిమ పుటికలను లెక్కపెట్టమంటుంది. చాలా మంచిది. మగ పిల్లల్లో సెర్టోలి కణాలను లెక్కపెట్టమని మాత్రం అడగదు. లెక్క కష్టమన్నది నేను ఒప్పుకోను. పుట్టిన పిల్ల వృషణ నాళికలో ఉండేవి రెండే రకాలు. మధ్యలో పెద్ద గుండ్రటి బీజకణాలు, చుట్టూ సెర్టోలి కణాలు. వాటిని గుర్తుపట్టడానికి ఎమ్మెస్సీ విద్యార్థి చాలు. పక్కపక్క సన్నని కోతల జతలో ఒకదానిలో కనిపించి రెండోదానిలో కనిపించని కేంద్రకాలను మాత్రమే లెక్కపెట్టే డైసెక్టర్ పద్ధతి 1984 నుంచి ఉంది. మైనంలో కణజాలం కుంచించుకుపోతుంది కనుక సాంద్రత చెబితే చాలదు, మొత్తం సంఖ్యే కావాలి. అందుకు వృషణాన్ని మొదటినుంచి చివరిదాకా కొయ్యాలి. పెద్ద ఎలుకలో అది నరకం. పసికూన వృషణం గింజంత.

మాస్టారు చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు వెళ్లి ఇదంతా చెప్పాను. నాళం వేరు, గ్రంథి వేరు, మనం రాసింది తప్పు అన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "ఎన్ని కణాలు లెక్కపెట్టావు?" అని అడిగారు. నా దగ్గర వాదన ఉంది గానీ లెక్క లేదు. ఆ మాట చెప్పలేక లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఆ లెక్కే మొదలుపెట్టాను. నా పాత మైనపు దిమ్మెలు రెండు ట్రంకు పెట్టెల్లో మా ఇంటి అటక మీద ఉండిపోయాయి. కొన్ని ఎండకు మెత్తబడి వంకరపోయాయి, కొన్నింటిలో సగం వృషణమే మిగిలింది, అవి పనికిరావు. మిగిలినవాటిని కరిగించి, మళ్లీ మైనంలో పోసి, మైక్రోటోమ్ మీద కోస్తున్నాం. ఇంకా ఏ ఫలితమూ చెప్పను, ఏ స్లైడు ఏ మోతాదుదో నాకు తెలియకుండా మా అమ్మాయిలు కోడు వేసి దాచారు.

ఒక అడ్డంకి ముందే ఊహించాను. ఒక తల్లి పిల్లలన్నీ ఒక లెక్కే. పది పిల్లల్ని పది సాక్ష్యాలుగా చూపకూడదని వైల్ 1970లో, హేస్‌మన్, హోగన్ 1975లో హెచ్చరించారు. ఇప్పటికీ ఎన్నో వ్యాసాలు ఆ తప్పు చేస్తున్నాయి. ఏ పిల్ల ఏ తల్లిదో తెలియకపోతే నా దిమ్మెలన్నీ వృథా. పెట్టె తెరిచి మొదటి దిమ్మె తీసి చూశాను. మైనం లోపల చిన్న కాగితం చీటీ. ఆల్కహాల్‌కూ జైలీన్‌కూ చెరగకుండా పెన్సిల్‌తో రాసింది. తేదీ, వయసు, కుడి వృషణం, తల్లి నెంబరు. అక్షరాలు నావి కావు. సాయంత్రాలు మేం వెళ్లిపోయాక ఆయనే కూర్చుని ప్రతి చీటీ మీదా తల్లి నెంబరు రాసి పెట్టారన్నమాట. ఒక్కటీ వదల్లేదు.

మీలో ఎవరి దగ్గరైనా ఆ కాలపు దిమ్మెలుంటే పారేయకండి. చీటీ లోపలే ఉండనివ్వండి, ఇలా పంపండి. మేం ఇప్పుడు తొమ్మిదో తల్లి దగ్గర ఉన్నాం. సోమవారం పదో తల్లి పిల్లల్ని కోస్తాం.